నీలిపిట్టల వాకిట్లో కారు

డెల్ఫియా స్టర్జిల్ గొంతు పెంచగా విన్నవాళ్ళు ఆ కెంటకీ కొండలోయలో ఎవరూ లేరు. చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే వరసలో ఆమె ఇరవై ఏళ్ళకు పైగా కూర్చుంది. మిషన్ల రొదలో తక్కిన ఆడవాళ్ళంతా అరిచి మాట్లాడుకునేవాళ్ళు. ఆమె మాత్రం దారపుకండె కావాలంటే వేలితో చూపించేది, నవ్వొస్తే తల వంచుకుని నవ్వేది. ఇంట్లోనూ అంతే. మొగుడు ఆర్విల్ బతికున్నన్నాళ్ళూ మాటలన్నీ అతనివే. అతను పోయిన తర్వాత ఆ ఇంట్లో రేడియో మాట్లాడింది గాని ఆమె మాట్లాడింది తక్కువ.

చూడటం మాత్రం ఆమెకు బాగా వచ్చు. వంటింట్లో గిన్నెలు కడిగే తొట్టికి పైన చిన్న కిటికీ ఒకటి ఉంది. దానికి ఎదురుగా పెరడు, పెరటి చివర ఇనుప గుంజ, గుంజ మీద ఒక చెక్కపెట్టె, ఆ పైన కొండవాలు, కొండ మీద స్టర్జిల్ కుటుంబం సమాధులు. పొద్దున కాఫీ అక్కడే నిలబడి తాగేది. పని మానేసిన తర్వాత ఆ నిలబడటం ఇంకా ఎక్కువైంది. గిన్నెలు కడగడం ఎప్పుడో అయిపోయినా చేతులు నీళ్ళలోనే ఉండేవి, కళ్ళు పెట్టె మీద ఉండేవి.

ఆ పెట్టె ఆమె చేతి పనే. గాలివానకు కూలిన పొగాకు కొట్టం నుంచి ఎండకీ వానకీ బూడిదరంగుకు తిరిగిన పలకలు ఏరి తెచ్చుకుంది. రంగు వెయ్యలేదు. నీలిపిట్టకు పాత చెక్కే ఇష్టం, ఎండుచెట్టు తొర్రలా కనిపిస్తుంది కాబట్టి. ముందు వైపు రేగుపండు పట్టేంత గుండ్రటి వాకిలి తీసింది. పక్క పలక తలుపులా తెరుచుకునేలా మేకులు అమర్చింది. ఆర్విల్ అప్పటికి బాగానే ఉన్నాడు. పెట్టెని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అన్నీ బానే ఉన్నాయి గానీ, ఇంటికొచ్చినోడు కూర్చోడానికి అరుగేదే?" అన్నాడు. అని, ఆమె వారించేలోపు వాకిలి కింద బొటనవేలంత పుల్ల ఒకటి దిగ్గొట్టాడు.

ఆ అరుగు మీద ముందుగా వచ్చి కూర్చుంది ఊరపిచ్చుక. ఆ లోయలో దాని పేరెత్తితే ముఖం చిట్లించని వాళ్ళుండరు. తొర్రలన్నీ ఆక్రమించుకుంటుంది. లోపల గుడ్లుంటే పొడుస్తుంది, తల్లి ఉంటే తల్లినే పొడుస్తుంది. నీలిపిట్టకు అరుగు అక్కర్లేదు, అది గాలిలోంచి నేరుగా వాకిలి అంచు పట్టుకోగలదు. ఆ ఏడు పెట్టె పిచ్చుకల పాలైంది. చలికాలం రాగానే డెల్ఫియా రంపం తీసుకెళ్ళి పుల్లను కోసి, తెచ్చి మొగుడి భోజనం పళ్ళెం పక్కన పెట్టింది. ఆర్విల్ దాన్ని చాలా రోజులు పళ్ళు కుట్టుకోవడానికి వాడుకున్నాడని లోరీన్ చెప్పి నవ్విస్తుంటుంది. అంత పుల్లతో పళ్ళెలా కుట్టుకున్నాడని ఎవరూ అడగరు.

లోరీన్ ఆర్విల్ చెల్లెలు. మొగుడు ఎస్టిల్‌తో పక్క ఇంట్లోనే ఉంటుంది. రోజుకు ఒకసారైనా పెరట్లోంచి దూరి వస్తుంది. వదిన మాట్లాడనిదంతా తనే మాట్లాడి పోతుంది.

ఆర్విల్ పోయిన కొన్నేళ్ళకు, ఒక ఏడు మార్చిలో మగ నీలిపిట్ట ముందుగా వచ్చింది. చేలగట్ల మీద మంచు ఇంకా అక్కడక్కడా ఉండగానే, మబ్బు విడిన ఆకాశపు ముక్క ఒకటి గుంజ మీద వాలినట్టు వాలింది. వీపంతా నీలం, రొమ్ము కొత్త ఇటుక రంగు. పెట్టెలోకి దూరింది, తల బయటపెట్టి చూసింది, మళ్ళీ దూరింది. ఆడపిట్ట వారం తర్వాత వచ్చి, కంచె తీగ మీద ఎటో చూస్తూ కూర్చుంది. మగది రెక్కలు సగం ఎత్తి అల్లాడిస్తూ, వాకిలికీ తీగకూ మధ్య తిరుగుతూ బతిమాలింది. ఇల్లు చూపించి పెళ్ళాడమని అడగడం అన్నమాట. ఆడది రెక్కలు దువ్వుకుంది. పేడపురుగునొకదాన్ని తిన్నది. చాలాసేపటికి, తనకేదో పని గుర్తొచ్చినట్టు ఎగిరి వెళ్ళి పెట్టెలోకి తొంగిచూసింది.

"ఒప్పుకుందా?" అంది లోరీన్, కిటికీ దగ్గర వదిన భుజం మీదుగా చూస్తూ.

"ఊఁ."

"తొందరపడింది. వంటిల్లు కూడా చూసుకోవాల్సింది."

గూడు కట్టిందంతా ఆడదే. ఎండుగడ్డి పోచ తరవాత పోచ, సూదుల్లాంటి దేవదారు ఆకులు, నడుమ గుడ్లు పెట్టే గిన్నెలాంటి గుంటకు గుర్రపు తోక వెంట్రుకలంత సన్నటి గడ్డి. మగది కూడా ఒక పోచ తెచ్చింది. నోట్లో పెట్టుకుని పెట్టె మీద చాలాసేపు నిలబడి, అటూ ఇటూ చూసి, చివరికి కింద పడేసింది.

"మా ఎస్టిలే," అంది లోరీన్. "పొయ్యిలోకి ఒక్క కట్టె తెచ్చి ఊరంతా చూశారా లేదా అని చూస్తాడు."

లేత నీలం గుడ్లు అయిదు పెట్టింది. తల్లి మేతకు వెళ్ళినప్పుడు డెల్ఫియా చప్పుడు చెయ్యకుండా పక్క పలక తెరిచి చూసి, మూసి వచ్చేది. కాలర్ మూల తిప్పడానికి ఎంత మెత్తటి చెయ్యి కావాలో ఆ పలక తెరవడానికీ అంతే కావాలి. గుడ్లు పగిలి పిల్లలొచ్చిన రోజు ఆమె లోరీన్‌కి చెప్పలేదు. రెండు రోజులు తన దగ్గరే ఉంచుకుంది ఆ సంగతి.

మే నెల మొదట్లో కొండ మీద బ్లాక్‌బెర్రీ పొదలు తెల్లగా పూశాయి. అవి పూసినప్పుడు చలి ఒకసారి వెనక్కి తిరిగి వస్తుంది. బ్లాక్‌బెర్రీ చలి అంటారు దాన్ని. అది పోయేదాకా చిక్కుడు గింజ నాటరు ఎవరూ. మామూలుగా రెండు రాత్రులుండి పోతుంది. ఆ ఏడు పోలేదు. సన్నటి వాన పట్టింది. వానలో పురుగు ఎగరలేదు, మిడత గెంతలేదు. పిట్టలు రెండూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా తడిసి ముద్దై వెతికాయి, ఖాళీ ముక్కులతో వచ్చాయి. తల్లి పిల్లల్ని పొదిగి వెచ్చగా ఉంచితే మేత లేదు, మేతకు వెళితే వెచ్చదనం లేదు. డెల్ఫియా గుడ్డు ఉడికించి, తురిమి, గుంజ కింద మూకుట్లో పెట్టింది. అవి దాని వంక చూడలేదు. అది తిండి అని వాటికి తెలియదు.

వాన వెలిసిన పొద్దున ఆమె పలక తెరిచింది. అయిదూ ఒకదాని మీద ఒకటి మెడలు వేసుకుని చల్లబడి ఉన్నాయి. రెక్కల మీద నీలం అప్పుడప్పుడే కనబడుతోంది. వాటిని ఏప్రన్‌లో తీసుకుని పియోనీ పూలపొద కింద పూడ్చింది. తడిసిన గూడు తీసి పారేసింది. పెట్టెని వేడినీళ్ళతో కడిగి, ఎండలో ఆరబెట్టి, తిరిగి గుంజకు బిగించింది. లోపలికొచ్చి చేతులు కడుక్కుంటూ కిటికీ వైపు చూడలేదు.

లోరీన్ వచ్చి చూసి, ఆ రోజు ఏమీ జోకు వెయ్యలేదు. "కాఫీ పెట్టనా వదినా?" అంది.

ఆ తర్వాత జరిగింది డెల్ఫియా ఎన్నాళ్ళయినా తలుచుకుంటుంది. నాలుగు రోజులైనా గడవకుండా ఆడపిట్ట ఎండుగడ్డి పోచ నోట కరుచుకుని అదే పెట్టె మీద వాలింది. అదే వాకిలి. అక్కడ ఏం జరిగిందో దానికి తెలియదనుకోవడానికి లేదు, పిల్లలు కదలడం మానేశాక కూడా ఒక పూటంతా వాటిమీదే కూర్చున్న తల్లి అది. అలిగి వేరే చోటికి పోలేదు. మొదట కట్టినప్పటి శ్రద్ధతోనే కట్టింది, గిన్నె లోపల ఒక్క పోచ కూడా తక్కువ వెయ్యలేదు. ఈసారి నాలుగు గుడ్లు.

"ఎంత గుండె కావాలి దానికి," అంది డెల్ఫియా, ఎవరితోనో కాదు, నీళ్ళతొట్టితో.

ఆర్విల్ పోయాక ఆమె అతని చొక్కాలు ముట్టుకోవడానికి రెండు చలికాలాలు పట్టింది. పిట్టలు ఆమెకేమీ నేర్పలేదు, అలాంటి మాటలు ఆమెకు నచ్చవు. వాటి పని అవి చేసుకున్నాయి. ఆమె చూసింది. కానీ ఈ నాలుగు పిల్లలూ ఎగిరి తీరాలని ఆమె కోరుకున్నంతగా ఈ మధ్యకాలంలో ఇంకేదీ కోరుకోలేదు. గుంజకు పాములెక్కకుండా పందికొవ్వు పూసింది. లోరీన్ పిల్లి ఈ పెరట్లోకి వస్తే చీపురు చూపించింది. పిల్లలు గుడ్డు పగిలి వచ్చి, కళ్ళు తెరిచి, ముళ్ళలాంటి ఈకలు విచ్చుకునే దశకు వచ్చేసరికి జూన్ వచ్చింది. జూన్‌లో రెండో ఆదివారం స్టర్జిల్‌ల సమాధుల పండుగ.

ఆ పండుగకు ఎక్కడెక్కడి స్టర్జిల్‌లూ వస్తారు. సగం మంది ఫ్యాక్టరీ పనులకని ఎప్పుడో డేటన్ నగరానికి వెళ్ళిపోయినవాళ్ళు. సమాధుల మీద గడ్డి కోసి, కాగితం పూలు పెట్టి, రేకుల చావిడి కింద బల్లల మీద కూర్చుని వరసగా ముగ్గురు బోధకుల ప్రసంగాలు వింటారు. తర్వాత కొండ దిగి అందరూ కలిసి తింటారు. కార్లు పెట్టుకోవడానికి ఆ చుట్టుపక్కల చదునైన నేల డెల్ఫియా పెరడొక్కటే.

అందుకని ముందురోజే ఆమె ఎస్టిల్‌ని పిలిచింది. "ఎస్టిల్, గుంజ చుట్టూ తాడు కట్టి పెట్టవూ? పిల్లలు రెక్కలొచ్చే టైము. కార్లు దగ్గరికి రానివ్వకు."

"నేను చూసుకుంటాగా అక్కా. నీ పిట్టల పూచీ నాది," అన్నాడు ఎస్టిల్. అతను మంచివాడు. ఆ లోయలో అందరికంటే సాయం చేసే గుణం ఎక్కువ ఉన్నవాడు. చిక్కంతా అదే.

ఆదివారం పొద్దున పిట్టలు మేత మోస్తుండగా ఒకసారి చూసుకుని, పూలబుట్ట తీసుకుని డెల్ఫియా కొండ ఎక్కింది. ఆర్విల్ సమాధిరాయి దగ్గర క్రేప్ కాగితం పూలు గుచ్చింది. చావిడిలో తన అలవాటు ప్రకారం చివరి బల్ల మీద కూర్చుంది.

ఆమె ఎప్పుడూ చివరి బల్ల మనిషే. అక్కడి చర్చి సంఘంలో చిన్నప్పుడే చేరిపోవడం ఉండదు. నడివయసు దాటాక ఎప్పుడో గుండెలో పాపపు బరువు తెలియాలి. బరువు తెలిసినవాళ్ళు పాట సాగుతుండగా ముందుకు నడిచి బోధకుడి చెయ్యి పట్టుకుంటారు. ఆ తర్వాత ఏట్లో బాప్తిస్మం. లోరీన్ ఎప్పుడో చేరింది, ముందు బల్లల మీద కూర్చుంటుంది. డెల్ఫియా కోసం ఊళ్ళో ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి ప్రార్థన చేస్తున్నారు. "నీకు ఎప్పుడు వదినా?" అని లోరీన్ అడిగినప్పుడల్లా, "రానీ, వచ్చినప్పుడు చూద్దాం," అనేది. దొంగమాట కాదు అది. రానిదాన్ని వచ్చిందని చెప్పడం ఆమెకు చేతకాదు.

ఇద్దరు బోధకులు ముగించారు. మూడోవాడు బ్రదర్ డెంజిల్, ఆర్విల్‌కి పెదనాన్న కొడుకు, డేటన్ నుంచి ఆ పొద్దునే వచ్చాడు. ఆయన మాట కాసేపటికి రాగమవుతుంది, రాగం ఊపందుకుంటే చెమట తుడుచుకుంటూ మధ్యాహ్నం దాకా ఆగడు. ఆ ఊపు అప్పుడే మొదలైంది. డెల్ఫియా రెండు స్తంభాల సందులోంచి కిందికి, తన పెరటి వైపు చూసింది.

మగపిట్ట గాలిలో నిలబడి ఉంది.

మొదట ఆమెకు అర్థం కాలేదు. నోట్లో ఆకుపచ్చటి పురుగుతో, రెక్కలు టపటప కొడుతూ, ఏమీ లేని చోట అది వేలాడుతోంది. దాని కింద మెరూన్ రంగు కారు కప్పు ఎండకు మెరుస్తోంది. పిట్ట ముందుకు వెళ్ళింది, పట్టుకోవడానికి అంచు లేదు, వెనక్కి వచ్చింది. కంచె తీగ మీద వాలి, మళ్ళీ ఎగిరి సరిగ్గా అదే ఎత్తులో, వాకిలి ఉండవలసిన చోట నిలబడింది. ఆ తర్వాత ఆడది కూడా అలాగే.

ఆమె ఎలా దిగిందో ఆమెకే తెలియదు. మాంసం పొగబెట్టే కొట్టం దగ్గర ఎస్టిల్ బకెట్లో మంచుగడ్డలు కొడుతున్నాడు. ఆమెను చూసి ముఖం విప్పార్చుకున్నాడు.

"చూశావా అక్కా? కార్లొచ్చి నీ పిట్టల్ని బెదరగొడతాయని గుంజతో సహా పీకి ఆపిల్ చెట్టు కింద పెట్టా. చల్లగా నీడపట్టున ఉన్నాయి. ఒక్క పిల్ల కూడా కదల్లా."

ఆమె ఆపిల్ చెట్టు దగ్గరికి వెళ్ళి పెట్టెకు చెవి ఆనించింది. లోపల నుంచి సన్నగా, నీరసంగా చప్పుడు. పొద్దున ఆమె విన్న గోల కాదది.

"ఎప్పుడు మార్చావు?"

"మొదటి పాటప్పుడు."

"ఎస్టిల్, పిట్టకి ఇల్లంటే పెట్టె కాదు. ఆ చోటు. పెట్టె పక్క చెట్టు కిందే ఉన్నా దానికి కనిపించదు. అదుగో, చూడు."

ఎస్టిల్ చూశాడు. గాలిలో వాకిలి వెతుక్కుంటున్న పిట్టను చూసి అతని చేతిలో సుత్తి కిందికి జారింది.

"నే సచ్చినోణ్ణి," అన్నాడు మెల్లగా.

గుంజ పీకి ఎత్తుకుని ఇద్దరూ కారు దగ్గరికి నడిచారు. పాత గుంట కారు కడుపు కింద ఎక్కడో ఉంది. ఎస్టిల్ తలుపు లాగాడు. రెండో తలుపు లాగాడు. అద్దాలు కూడా పైకి ఎత్తి ఉన్నాయి.

"తాళం ఏశాడక్కా. మనూళ్ళో కారుకి తాళం ఏసేదెవడు? డేటనోళ్ళు తప్ప."

"ఎవరిది?"

ఎస్టిల్ కొండ వైపు గడ్డం ఎగరేశాడు. పైనుంచి బ్రదర్ డెంజిల్ రాగం అలలు అలలుగా వినిపిస్తోంది. "కొన్నాక మొదటిసారి తెచ్చాడంట. పొద్దున నాకు గంటసేపు చూపించి, నే గుంజ పీకాక ఇక్కడ పెట్టాడు."

"నెట్టలేమా?"

"బ్రేకేసుంది. డేటన్ నుంచి బ్రేకు మీద కాలు తియ్యకుండానే వచ్చే రకం ఆయన." కాసేపు ఆలోచించి, "కప్పు మీద పెడితేనో?" అన్నాడు.

డెల్ఫియా కారు కప్పు మీద అరచెయ్యి ఆనించి వెంటనే తీసేసింది. పెనంలా ఉంది. ఎస్టిల్ పోనీ అని గుంజను రెండు చేతులా పట్టుకుని, కారు పక్కన నిలబడి, పెట్టెని పాత చోటికి వంచి పట్టుకున్నాడు. పిట్టలు కంచె తీగ మీదికి తగ్గిపోయాయి. అరవై ఏళ్ళ మనిషి జెండా పట్టుకున్నట్టు వాకిట్లో నిలబడితే ఏ పిట్ట వస్తుంది?

"నువ్వెళ్ళి తాళం అడిగి రా ఎస్టిల్."

"నేనా? అక్కా, నేను సంఘంలో లేనని ఆయనకి ముందే నా మీద గుర్రు. ప్రసంగం మధ్యలో ఎళ్ళానంటే నా గురించి ఇంకో గంట లాగుతాడు. ఆపేది ఎవరూ లేరు. ఆపకూడదు కూడా. ఎవరన్నా పాటెత్తుకుంటే తప్ప."

అది నిజం. బోధకుడు మరీ ఊపులో ఉండిపోతే ఎవరో ఒకరు పాటెత్తుకుంటారు. పాట మొదలైతే ఆయన మాట ఆపాలి. అందరూ లేచి, తిరుగుతూ, ఒకరి చేతులు ఒకరు పట్టుకుంటారు. కాని ఎత్తుకోవడానికి పెద్దలున్నారు, గొంతున్నవాళ్ళున్నారు. చివరి బల్ల మీద నుంచి ఎవరూ ఎత్తుకోరు.

పెట్టెలో చప్పుడు మరీ తగ్గింది. డెల్ఫియా ఏప్రన్ విప్పి కంచె మీద వేసి, కొండ ఎక్కింది.

చావిడి దగ్గరికి వచ్చి చివరి బల్ల పక్కన నిలబడింది. బ్రదర్ డెంజిల్ కళ్ళు మూసుకుని, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని సాగదీస్తున్నాడు. ముందు వరసలో లోరీన్ ఊగుతోంది. డెల్ఫియా కిందికి చూసింది. పిట్ట మళ్ళీ గాలిలో నిలబడి ఉంది, నోట్లో పురుగు ఇంకా అలాగే ఉంది. తను తినెయ్యవచ్చు. తినలేదు.

డెల్ఫియా నోరు తెరిచింది.

మొదట గాలి వచ్చింది. తర్వాత గొంతు వచ్చింది, పాత తలుపు తీసినట్టు గీరుకుంటూ. చిన్నప్పుడు అమ్మ ఉతుకుతూ పాడుకున్న పాట, సగం పదాలు ఆమెకు గుర్తులేవు. ఒక్క వరస లాగి, రెండో వరసకు వచ్చేసరికి చావిడి అంతా వెనక్కి తిరిగింది. ఎవరు పాడుతున్నదీ చూసి ఒక క్షణం ఎవరూ అందుకోలేదు. ఆ క్షణమంతా ఆమె ఒక్కతే పాడింది. తర్వాత లోరీన్ గొంతు కలిసింది, ఆ వెనక అందరివీ.

బ్రదర్ డెంజిల్ కళ్ళు తెరిచి మాట ఆపాడు. డెల్ఫియా బల్లల మధ్య నుంచి ముందుకు నడిచింది. ఆమె చెంపలు తడిగా ఉన్నాయి, ఆమెకు తెలియదు. తెలిసినా తుడుచుకునే తీరిక లేదు.

చివరి బల్ల మనిషి, పాట సాగుతుండగా, కన్నీళ్ళతో ముందుకు నడిచి వస్తోంది. చావిడిలో ప్రతి ఒక్కరికీ అర్థమైంది. ముసలివాళ్ళు కర్రలు పట్టుకుని లేచారు. ఎవరో ఏడ్చారు. లోరీన్ బల్ల దాటి వచ్చి వదినను రెండు చేతులా చుట్టేసింది.

"మా అన్న ఉంటే ఎంత సంతోషించేవాడే వదినా," అంటూ మెడ మీద పడి వెక్కింది.

"లోరీన్, ఉండు, వదులు ముందు."

"వదలను. ఇన్నేళ్ళు చూశా దీనికోసం."

లోరీన్ చేతుల్లోంచే డెల్ఫియా చెయ్యి చాపి బ్రదర్ డెంజిల్ చెయ్యి పట్టుకుంది. ఆయన ఆ చేతిని రెండు చేతుల మధ్య పెట్టుకుని, వంగి, తన చెవి ఆమె నోటి దగ్గర పెట్టాడు. ఆయన కళ్ళూ తడిసే ఉన్నాయి.

"చెప్పు డెల్ఫియా. బరువు దించుకో. నీ గుండెలో ఏముందో చెప్పు తల్లీ."

"మీ కారు తాళం బావగారూ."

పాట హోరులో ఆయనకు వినపడలేదు. "గట్టిగా చెప్పు. సిగ్గుపడకు."

ఆమె సిగ్గుపడలేదు. ఆ సరికి పాట చరణం ముగిసి అందరూ ఊపిరి తీసుకుంటున్నారు. "మీ కారు నా పిట్టల వాకిట్లో ఉంది. తాళం ఇవ్వండి, పిల్లలు చచ్చిపోతాయి," అంది. ఆ లోయ మొదటిసారి విన్న డెల్ఫియా పూర్తి గొంతు అది. వెనక బల్లల దాకా వినిపించింది.

రెండో చరణం ఎవరూ ఎత్తుకోలేదు. లోరీన్ చేతులు సడలాయి. బ్రదర్ డెంజిల్ ఆమె ముఖంలోకి చూశాడు, ఎక్కడో వేళాకోళం ఉంటుందని వెతికినట్టు. ఆమె వేలు కొండ కిందికి చూపించింది, ఫ్యాక్టరీలో చూపించినట్టు. ఆయన ఆ వేలి వెంట చూశాడు. తన మెరూన్ కారు కనిపించింది. దాని కప్పు మీద, ఏమీ లేని చోట, రెక్కలు కొట్టుకుంటున్న నీలిపిట్ట కనిపించింది. కాస్త ఎడంగా గుంజ పట్టుకుని తలవంచుకున్న ఎస్టిల్ కనిపించాడు.

ఆయన డేటన్ వెళ్ళడానికి ముందు ఈ కొండ మీద పెరిగినవాడే.

"పాట ఆపమని ఎవరన్నారు?" అన్నాడు చివరికి జనంతో. "పాడండి." అని జేబులో చెయ్యి పెట్టాడు. తాళం తీశాడు గాని డెల్ఫియా చేతికి ఇవ్వలేదు. "పద, నేనే తీస్తా. ఎస్టిల్ చేతికి నా ఆత్మనైనా ఇస్తాను గానీ ఆ కారు ఇవ్వను."

వాళ్ళిద్దరూ దిగుతుంటే పైన పాట మళ్ళీ అందుకుంది. కొంచెం తడబడుతూ, మధ్యలో నవ్వులతో. కారు కదిలి రోడ్డు మీదికి వెళ్ళింది. ఎస్టిల్ పాత గుంటలో గుంజ దించి, మట్టి కాలితో తొక్కి, పెట్టె వాకిలి తూర్పుకు తిప్పాడు. "ఇటా అక్కా? ఇంకొంచెమా?"

"ఇంకొంచెం. చాలు. ఇవతలికి రా."

ముగ్గురూ ఇంటి గోడ వారకు వచ్చి నిలబడ్డారు. పిట్టలు కంచె తీగ మీద కూర్చుని పెట్టె వంక చూశాయి, కదల్లేదు. బ్రదర్ డెంజిల్ ఏదో అనబోయాడు. డెల్ఫియా చెయ్యి ఎత్తింది. ఆయన నోరు మూసుకున్నాడు. ఆయన నోరు అలా మూయించినవాళ్ళు సంఘంలో లేరని ఎస్టిల్ తర్వాత చెప్పుకున్నాడు.

మగపిట్ట ఎగిరింది. గాలిలో అదే ఎత్తున ఆగింది. ఈసారి కాళ్ళకు అంచు తగిలింది. ఒక్క క్షణం అంచు పట్టుకుని, నమ్మలేనట్టు తల అటూ ఇటూ తిప్పి, లోపలికి దూరిపోయింది. అప్పుడు వినపడింది లోపలి నుంచి గోల, బలహీనంగానే, కాని నాలుగు గొంతులదీ. అది బయటికి రాకముందే ఆడది వచ్చి వాకిట్లో తన వంతు కోసం నిలబడింది.

అలా ఎన్నిసార్లు వచ్చి వెళ్ళాయో. లోరీన్ కొండ దిగి వచ్చి వదిన పక్కన నిలబడింది. ఏడ్చిన కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"అయితే నువ్వు చేరలేదన్నమాట."

"లేదు లోరీన్."

"నా కొత్త జాకెట్ అంతా తడిపేసుకున్నా నీ కోసం."

"ఉతికి పెడతాలే."

లోరీన్ తడిసిన జాకెట్ భుజం దులుపుకుంది. తర్వాత, "గొంతు బాగానే ఉందే నీకు. ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావు?" అంది. డెల్ఫియా తల వంచుకుని నవ్వింది.

మధ్యాహ్నం భోజనాలు కొండ మీదే జరిగాయి. ఎవరూ అలా చెయ్యమని చెప్పలేదు. మొక్కజొన్న రొట్టెలు, ఎండు చిక్కుళ్ళ కూర, వేయించిన కోడి, ఆపిల్ పొరల కేకు అన్నీ చేతులు మార్చుకుంటూ పైకి వెళ్ళాయి. పెద్దవాళ్ళు సమాధిరాళ్ళకు ఆనుకుని ఒళ్ళో పళ్ళేలు పెట్టుకుని తిన్నారు. కింద పెట్టె దగ్గరికి ఎవరూ దిగి రాలేదు.

డెల్ఫియా మాత్రం తన పళ్ళెం తెచ్చుకుని వంటింటి గుమ్మం మీద కూర్చుంది. ఎస్టిల్ కొంచెం ఎడంగా కింద కూర్చున్నాడు, క్షమాపణ అడగడం తెలియని మనిషి కూర్చున్నట్టు. ఇద్దరూ తినకుండా పెట్టె వంకే చూస్తున్నారు. లోపలికి పురుగు వెళ్ళడం కనిపిస్తోంది గాని, అంతసేపు ఆకలితో ఉన్న పిల్లలు మింగుతున్నాయో లేదో బయటికి తెలియదు. తెరిచి చూడటానికి లేదు. ఈ వయసులో తెరిస్తే బెదిరి దూకేస్తాయి.

మగపిట్ట లోపలికి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు దాని ముక్కులో తెల్లటిదేదో చిన్న మూటలా ఉంది. దాన్ని మోసుకుని కంచె దాటి, చేను దాటి, దూరంగా తీసుకుపోయి పడేసింది.

"ఏంటక్కా అది, నోట్లో?"

"రెట్ట," అంది డెల్ఫియా. "పిల్లది. తిన్నది అరిగింది." అని రొట్టె ముక్క విరిచి, చిక్కుళ్ళలో ముంచి, ఆ రోజు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది.